సొరుగులా జరిగే గది

పాత చెక్క బీరువా ఉన్న ఇంట్లో పెరిగినవాళ్ళకి ఒక సంగతి చెప్పక్కర్లేదు. సొరుగు పిడి నడుమ పట్టుకుని లాగితే హాయిగా వస్తుంది. ఒక పక్క పట్టి లాగితే వంకరగా తిరిగి ఇరుక్కుపోతుంది. బట్టలు కుక్కి నింపితే మొరాయిస్తుంది. వానాకాలంలో చెక్క ఉబ్బితే ఇక సరేసరి. ఇప్పుడు ఆ సొరుగు పది పన్నెండు అడుగుల పొడవు, రెండు మూడు అడుగుల లోతు ఉందనుకోండి. లోపల బట్టలకి బదులు సోఫా, భోజనాల బల్ల, ఒక్కోసారి ఫ్రిజ్, స్టవ్ కూడా ఉన్నాయనుకోండి. బీరువాకి బదులు చక్రాల మీద నడిచే ఇల్లు. అమెరికాలో ఆర్వీ ట్రైలర్లకి ఉండే ‘స్లయిడ్‌అవుట్’ అంటే అదే. బండి ఆగాక మీట నొక్కితే గోడ గోడంతా బయటికి జరిగి, ఇరుకు గది కాస్తా విశాలమవుతుంది. బయల్దేరే ముందు మళ్ళీ నొక్కితే లోపలికి వచ్చేస్తుంది.

వచ్చేస్తుందా? అసలు ప్రశ్న అదే. అమెరికాలో ఉన్న మన తెలుగు కుటుంబాలు వేసవి సెలవుల్లో, ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చినప్పుడు, ఆర్వీ అద్దెకి తీసుకుని యెల్లోస్టోన్‌కో గ్రాండ్ కాన్యన్‌కో వెళ్ళడం ఇప్పుడు మామూలే. ఉన్న కారుతోనే లాగొచ్చు కదా అని చిన్న, తేలికైన ట్రైలర్ కొనుక్కునేవాళ్ళూ ఉన్నారు. చూడ్డానికి వెళ్ళినప్పుడు ఆ గోడ జరిగేసరికి పిల్లలు చప్పట్లు కొడతారు. మనకీ మనసు పడిపోతుంది. కానీ ఆ గది నమ్మదగినదేనా, అందులోనూ తేలిక బళ్ళలో, అన్న సంగతి తెలియాలంటే అది ఎందుకు పుట్టిందో, ఎలా మారుతూ వచ్చిందో చూడాలి. చక్రాల ఇంటి చరిత్రంతా మూడు కోరికల మధ్య పేచీయే. చోటు కావాలి, బరువు ఉండకూడదు, ఖర్చు పెరగకూడదు.

మొదట్లో బరువు సంగతి ఎవరూ పట్టించుకోలేదు. 1915లో న్యూయార్క్ దగ్గర హంటింగ్టన్ నుంచి కాంక్లిన్ అనే సంపన్న కుటుంబం ఒక పెద్ద బస్సులో దేశం చుట్టి రావడానికి బయల్దేరింది. అందులో వంటగది, మడత మంచాలు, పైకప్పు మీద తోట కూడా ఉన్నాయి. పత్రికలు దానికి ‘జిప్సీ వ్యాన్’ అని పేరు పెట్టాయి. బరువు 8 టన్నులు! డబ్బున్నవాళ్ళు కాబట్టి సరిపోయింది. సరిగ్గా ఆ రోజుల్లోనే శాన్‌ఫ్రాన్సిస్కోలో గుస్తావ్ డి బ్రెట్‌విల్ అనే ఆయన మామూలు కారుకి వెనక తగిలించే చిన్న గదిని తయారుచేశాడు. దూరదర్శిని గొట్టంలా ఒకదానిలోంచి ఒకటి బయటికి జరిగే గది అది. అంటే చోటు కోసం ఇల్లు సాగదీయాలన్న ఆలోచన ఇప్పటిది కాదు, కారు పుట్టిన కొద్ది కాలానికే పుట్టింది.

ఈ కథలో నాకు బాగా నచ్చిన మనిషి ఆర్థర్ షెర్మన్. డెట్రాయిట్‌లో మందుల కంపెనీ నడిపే బ్యాక్టీరియా శాస్త్రవేత్త. 1920ల చివర్లో కుటుంబాన్ని తీసుకుని సెలవులకి వెళ్తూ, విప్పితే నిమిషాల్లో గుడారంగా మారే ట్రైలర్ ఒకటి కొన్నాడు. దారిలో వాన పట్టుకుంది. ఆ గుడారం నిమిషాల్లో విచ్చుకోలేదు సరికదా, దానితో కుస్తీ పడుతూ ఇంటిల్లిపాదీ తడిసి ముద్దయ్యారు. షెర్మన్ ఇంటికొచ్చి, విప్పడం మడవడం అన్నదే లేని బండి కావాలని నిశ్చయించుకున్నాడు. 6 అడుగుల వెడల్పు, 9 అడుగుల పొడవు, గట్టి గోడలు, గట్టి పైకప్పు. లోపల కాసిన్ని అలమరలు, పొయ్యి. దానికి ‘కవర్డ్ వ్యాగన్’ అని పేరు పెట్టి 1930 జనవరిలో డెట్రాయిట్ కార్ల ప్రదర్శనలో పెట్టాడు. 1936 నాటికి ఏడాదికి 6,000 దాకా అమ్మే స్థాయికి ఎదిగి, అమెరికాలో పెద్ద ట్రైలర్ కంపెనీల్లో ఒకటైంది.

ఇందులో ఉన్న విశేషం గమనించారా? పెద్ద ఎత్తున అమ్ముడైన తొలి ట్రైలర్లలో ఒకటి, కదిలే భాగం వానలో మొండికేసినందుకు విసిగిపోయిన తండ్రి చేతుల్లోంచి వచ్చింది. ‘కదలకపోతే పాడవదు’ అన్నదే ఆయన సూత్రం.

ఆ సూత్రం మీద ముప్ఫై, నలభై ఏళ్ళు ట్రైలర్లు నడిచాయి. 1931లో వాలీ బయామ్ మొదలుపెట్టిన ఎయిర్‌స్ట్రీమ్ కూడా ఆ దారినే పోయింది. విమానం ఒంటిలాగా రేకూ చట్రమూ కలిసి బరువు మోసే గుండ్రని అల్యూమినియం పెంకు అది. గుడ్డు పెంకులాగా తేలిక, గట్టి. కానీ అలాంటి పెంకుకి పక్కన పెద్ద కన్నం కోస్తే బలం తగ్గిపోతుంది. అందుకే ఆ కంపెనీ 2000ల తొలి ఏళ్ళలో కొన్ని మోడళ్ళకి స్లయిడ్ పెట్టి చూసినా, తర్వాత మానేసింది.

కదలని గోడల వల్ల వచ్చిన చిక్కు ఏమిటంటే, చోటు పెరగదు. రోడ్డు మీద వెళ్ళే బండి వెడల్పుకి చట్టం ఒక గీత గీసింది. చాలాకాలం అది 8 అడుగులు. తర్వాత ఎనిమిదిన్నర. పొడవు పెంచొచ్చు గానీ వెడల్పు పెరగదు. రైలుపెట్టెలో కాపురంలాంటిదన్నమాట. రాత్రి మంచం వెయ్యాలంటే భోజనాల బల్ల దించాలి. పొద్దున టిఫిన్ పెట్టాలంటే పక్కలు ఎత్తాలి. ఒకరు స్టవ్ ముందు నిలబడితే ఇంకొకరు దాటి వెళ్ళలేరు. సెలవుల్లో ఉన్నది ఇల్లంతా అయినా, ఈ ఎత్తడం దించడం ఎవరి చేతుల మీద నడిచి ఉంటుందో మనకి తెలియనిది కాదు.

1954లో రెండు సంగతులు జరిగాయి. ఒకటి, విస్కాన్సిన్‌లో మార్ష్‌ఫీల్డ్ హోమ్స్ నడిపే ఎల్మర్ ఫ్రే 10 అడుగుల వెడల్పు ఇళ్ళు తెచ్చాడు. వాటిని ప్రత్యేక అనుమతి మీద లారీతో తీసుకెళ్ళి ఒకచోట దించాల్సిందే. అక్కడితో కాపురం ఉండే ‘మొబైల్ హోమ్’ వేరు, సెలవులకి లాక్కెళ్ళే ట్రైలర్ వేరు అని రెండు దారులు చీలిపోయాయి. ఆ కాలపు మొబైల్ హోమ్‌లలోనే గదిని పక్కకి లాగి వెడల్పు చేసుకునే ఏర్పాట్లు కనిపిస్తాయి. కానీ వాటిని ఒకసారి లాగి, దిమ్మలు పెట్టి, ఏళ్ళ తరబడి అలాగే ఉంచేవారు. రోజూ లాగి రోజూ మూసే అవసరం లేదు కాబట్టి యంత్రానికి పరీక్షా లేదు.

రెండోది సినిమా. ‘ద లాంగ్, లాంగ్ ట్రైలర్’ అని లూసిల్ బాల్, డెసి ఆర్నాజ్ నటించింది. కొత్తగా పెళ్ళైన జంట 36 అడుగుల ట్రైలర్ కొని ప్రయాణమవుతారు. ఆవిడకి చూసిన చోటల్లా రాళ్ళు ఏరుకోవడం సరదా. పళ్ళు కొని సీసాల్లో నిలవ పెట్టడం ఇంకో సరదా. బరువు దించెయ్యమని భర్త, దాచిపెట్టే భార్య. కొండదారిలో ఆ బరువుతో బండి ఎక్కలేక వాళ్ళు పడే పాట్లు చూసి జనం పగలబడి నవ్వారు. నవ్వు సరే, అందులో ఉన్న ఇంజనీరింగ్ మాత్రం నిజం. చక్రాల ఇంట్లో ప్రతి సీసాకీ లెక్కుంది. మన ఆవకాయ జాడీకీ, పాతిక కిలోల బియ్యం బస్తాకీ కూడా. ఈ మాట ముందు మళ్ళీ అవసరమవుతుంది.

1968లో ఇండియానా రాష్ట్రంలో లాయిడ్ బాంట్రేజర్, ఆయన భార్య బెర్తా తమ పొలంలోని కోళ్ళ షెడ్లలో జేకో కంపెనీ మొదలుపెట్టారు. మడిస్తే పెట్టెలా, ఎత్తితే గుడారంలా అయ్యే క్యాంపర్‌కి లాయిడ్ రూపొందించిన ఎత్తుడు యంత్రమే వాళ్ళ పెట్టుబడి. షెర్మన్ విసిరికొట్టిన కదిలే భాగం, ఇంకా నమ్మకమైన యంత్రంతో తిరిగొచ్చిందన్నమాట. 1973లో చమురు సంక్షోభం వచ్చి పెట్రోలు కరువైనప్పుడు తేలిక బండి విలువ అందరికీ తెలిసొచ్చింది.

ఇక మన సొరుగు గది. ఇండియానాలోనే నాపనీ అనే చిన్న ఊరు ఉంది. ఆమిష్ కుటుంబాలు ఎక్కువగా ఉండే ప్రాంతం. చెక్కపనిలో వాళ్ళది పెట్టింది పేరు. చుట్టుపక్కల ఆర్వీ కర్మాగారాల్లో చాలామంది వాళ్ళే పనిచేస్తారు. ఆ ఊరి న్యూమార్ కంపెనీ 1990లో మోటార్‌హోమ్‌కి స్లయిడ్‌అవుట్ పెట్టింది. జనం చూసి ముగ్ధులైపోయారు. పదేళ్ళు తిరిగేసరికి స్లయిడ్ లేని పెద్ద బండి కనపడడమే కష్టమైంది. ఒకటి పోయి రెండు, రెండు పోయి మూడు, నాలుగు వచ్చాయి.

ఆ తొలి యంత్రాలు మోటుగా ఉండేవి, కానీ గట్టివి. నేల కింద రెండు ఉక్కు దూలాలు, వాటి మీద పళ్ళ పట్టీలు, వాటిని తిప్పే పళ్ళ చక్రాలు. రెండు చక్రాల్నీ కలుపుతూ ఒకటే ఇరుసు. ముఖ్యమైన సంగతి అదే. ఇరుసు ఒకటే కాబట్టి మోటారు తిరిగితే రెండు పక్కలా సమానంగా కదలాల్సిందే. సొరుగు వంకర పోయే ప్రమాదం తక్కువ. మోటారు కాలిపోతే పానాతో తిప్పి లోపలికి తెచ్చుకోవచ్చు. ఇంకా బరువైన గదులకి నూనె ఒత్తిడితో నడిచే హైడ్రాలిక్ పద్ధతి వచ్చింది. రెండిటికీ ఒకటే లోపం, బరువు. ఉక్కు దూలాలు, వాటిని మోసే చట్రం, గది సొంత బరువు కలిపి బండికి వందల పౌండ్లు తోడవుతాయి. పెద్ద ట్రక్కుతో లాగేవాళ్ళకి అది లెక్కలోది కాదు.

కానీ అందరి దగ్గరా పెద్ద ట్రక్కులు ఉండవు కదా. 2008 వేసవిలో అమెరికాలో పెట్రోలు గ్యాలన్ 4 డాలర్లు దాటింది. ఆ వెంటనే ఆర్థిక మాంద్యం. ఆర్వీల రాజధాని అనిపించుకున్న ఎల్క్‌హార్ట్ ప్రాంతంలో 2009లో నిరుద్యోగం దాదాపు 20 శాతానికి చేరింది. కొనేవాళ్ళు మిగిలినా, వాళ్ళడిగింది తేలిక బండి. కుటుంబ కారుతో లాగగలగాలి, ధర తక్కువ ఉండాలి, కానీ ఆ జరిగే గది మాత్రం ఉండి తీరాలి! ఒకసారి విశాలం రుచి చూశాక ఇరుకులోకి ఎవరు పోతారు?

అప్పుడు ఇంజనీర్లు ఉక్కు తీసేశారు. దానికి రెండు దారులు దొరికాయి. ఒకటి కేబుల్ పద్ధతి. నూతి గిలక మీద చేంతాడులాగా, గోడ అంచుల్లో గిలకల మీదుగా సన్నని ఉక్కు తాళ్ళు వెళ్ళి గది నాలుగు మూలల్నీ పట్టుకుంటాయి. ఒక మోటారు వాటిని లాగుతుంది. తేలిక, చవక. కానీ తాడు అన్నాక సాగుతుంది, అరుగుతుంది. అప్పుడప్పుడు బిగువు సరిచూడకపోతే ఒక మూల ముందు, ఒక మూల వెనక అవుతుంది.

రెండోది గోడలోనే ఇమిడిపోయే ష్విన్‌టెక్ పద్ధతి. 2010లో విడిభాగాల పెద్ద కంపెనీ లిప్పర్ట్ దీన్ని కొన్నాక బాగా వ్యాపించింది. గదికి అటొకటి ఇటొకటి చిన్న మోటార్లు. పక్క గోడలకి పైనా కిందా అల్యూమినియం పళ్ళ పట్టీలు. నేల కింద ఏమీ లేదు. గుర్తుంచుకోవాల్సింది ఏమిటంటే, ఈ రెండు మోటార్లనీ కలిపే ఇరుసు లేదు. బరువైన మంచాన్ని చెరోపక్కా పట్టుకుని మోసే ఇద్దరు మనుషుల్లాంటివి అవి. ఇద్దరూ ఒకే అడుగు వెయ్యాలి. ఇక్కడ ఆ అడుగులు లెక్కపెట్టి సరిచేసేది ఒక చిన్న ఎలక్ట్రానిక్ పెట్టె. ఒక మోటారు ఎన్ని చుట్లు తిరిగింది, రెండోది ఎన్ని తిరిగింది అని అది చూసుకుంటూ ఉంటుంది.

లెక్క సరిగ్గా ఉన్నంతసేపూ బాగానే నడుస్తుంది. బ్యాటరీ నీరసించినా, బండి ఎత్తుపల్లాల మీద వంకరగా నిలిపినా, ఒక పక్క అలమరలో బరువెక్కువ కుక్కినా లెక్క తప్పే అవకాశం ఉంది. మీట మధ్యలో వదిలేస్తూ, మళ్ళీ నొక్కుతూ ఉంటే కూడా అంతే. అందుకే ఈ రకం గదిని నడిపేటప్పుడు పూర్తిగా చివరిదాకా పోయి మోటార్లు వాటంతట అవి ఆగేదాకా మీట పట్టుకునే ఉండాలంటారు. అప్పుడు రెండూ మళ్ళీ ఒకే గీత మీదికి వస్తాయి. పాత ఇరుసు పద్ధతికి ఈ నియమం పనికిరాదు. దానికి గది చివరికి చేరగానే వదిలెయ్యాలి. ఏ బండిలో ఏ రకం ఉందో తెలుసుకోకుండా, పక్కవాళ్ళు చెప్పిన సలహా పాటించడం అందుకే ప్రమాదం.

చూశారా, చరిత్రలో జరిగిన మార్పు? యంత్రంలోంచి తీసేసిన బరువు ఎక్కడికీ పోలేదు. ఇంట్లోవాళ్ళ జాగ్రత్తలోకి వచ్చి చేరింది. ఉక్కు చేసే పనిని ఇప్పుడు మన శ్రద్ధ చెయ్యాలి. తేలిక స్లయిడ్ చెడ్డదని కాదు. సరిగ్గా బిగించి, సరిగ్గా వాడితే ఏళ్ళ తరబడి నడిచేవి ఎన్నో ఉన్నాయి. కానీ అది తప్పుల్ని ఓర్చుకోదు. పాతది ఓర్చుకునేది. తేడా అక్కడుంది.

ఇంకో శత్రువు ఉంది, నీళ్ళు. జరిగే గది అంటే గోడలో పెద్ద కన్నం, చుట్టూ రబ్బరు పట్టీలు. ఆ పట్టీలు ఎండకి బిరుసెక్కి చిట్లుతాయి. బయటికి జరిగిన గది పైకప్పు మీద ఆకులు, పుల్లలు, వాననీళ్ళు చేరతాయి. ఊడ్చకుండా మూస్తే అవన్నీ లోపలికి వస్తాయి. తేలిక బళ్ళలో గది నేల తరచుగా చెక్కపేళ్ళు జిగురుతో అతికిన పలక. దాని అంచు తడిస్తే ఉబ్బుతుంది, తర్వాత కుళ్ళుతుంది. నేల ఉబ్బితే వానాకాలం సొరుగు కథే. యంత్రం చెడిందని జనం అనుకుంటారు గానీ, చాలాసార్లు చెడింది కర్ర.

కరోనా కాలం దీనికి ఇంకో ముడి వేసింది. విమానాలు, హోటళ్ళు వద్దనుకున్న కుటుంబాలు ఆర్వీల మీద పడ్డాయి. 2019లో 4 లక్షల పైచిలుకు బళ్ళు కర్మాగారాల నుంచి బయటికి వస్తే, 2021లో 6 లక్షలు దాటాయి. అదే రికార్డు. అంత హడావుడిలో, భాగాల కొరత మధ్య తయారైన బళ్ళ బిగింపుల మీద ఫిర్యాదులు రావడంలో వింతేముంది? బాగుచేసే మెకానిక్‌ల కొరత అంతకుముందే ఉంది. వాళ్ళకి శిక్షణ ఇచ్చే సంస్థని పరిశ్రమవాళ్ళే ఎల్క్‌హార్ట్‌లో పెట్టుకోవాల్సి వచ్చింది. పైగా కొత్త కారు పదే పదే చెడితే కొన్నవాళ్ళని కాపాడే చట్టాలు చాలా రాష్ట్రాల్లో లాగే ట్రైలర్లకి వర్తించవు. గది బయటే ఇరుక్కుపోతే ఆ బండి రోడ్డెక్కడానికి లేదు. పిల్లల బడి తెరిచే రోజైనా, మర్నాడు నాన్నగారి ఫ్లైటైనా, అది లోపలికి వస్తే తప్ప ప్రయాణం లేదు.

అందుకని కొనేటప్పుడైనా అద్దెకి తీసుకునేటప్పుడైనా, చూడాల్సింది ఆ గది తెరిచినప్పుడు ఎంత అందంగా ఉందని కాదు. మూయించి చూడండి. మూసి ఉన్నప్పుడు లోపలికి వెళ్ళగలమా? ఫ్రిజ్ తలుపు తెరుచుకుంటుందా, మరుగుదొడ్డికి దారి ఉందా? దారిలో చంటిదానికి పాలు కావాలన్నా, మోకాళ్ళ నొప్పులున్న అత్తగారికి బాత్రూమ్ కావాలన్నా ఆ కొలతే ముఖ్యం. తర్వాత రెండు మూడుసార్లు తెరిపించి, మూయించి, రెండు అంచులూ ఒకేసారి కదులుతున్నాయో లేదో చూడండి. కరెంటు లేనప్పుడు చేత్తో ఎలా మూయాలో చేసి చూపించమనండి. గది మూలల్లో నేల మీద కాలివేళ్ళతో నొక్కితే మెత్తగా తగిలితే, అక్కడ నీళ్ళు దిగినట్టే. తలుపు దగ్గర ఎంత సామాను మోయగలదో రాసిన చీటీ అంటించి ఉంటుంది. ఆ అంకె చూసి అప్పుడు బియ్యం బస్తా సంగతి ఆలోచించండి. సామాను జరిగే గదిలో కాకుండా, వీలైనంతవరకు చక్రాలకి దగ్గరగా, కదలని వైపున సర్దండి.

స్లయిడ్ లేని బండి ఇప్పటికీ దొరుకుతుంది. ఇద్దరే వెళ్ళేవాళ్ళకి, వారానికి నాలుగు ఊళ్ళు మారేవాళ్ళకి షెర్మన్ సూత్రమే సుఖం. ఒకేచోట పది రోజులు దిగి, నలుగురు పిల్లల్ని, పెద్దవాళ్ళని వెంట పెట్టుకుని ఉండేవాళ్ళకి ఆ రెండడుగుల చోటు నిజంగా వరమే. వానపడే సాయంత్రం అందరూ ఒక బల్ల చుట్టూ కూర్చోగలగడం చిన్న విషయం కాదు. ఏది ఎంచుకున్నా తప్పులేదు. కాకపోతే ఆ చోటు ఊరికే రాదు. వందేళ్ళుగా ఎవరో ఒకరు దాని ధర కడుతూనే ఉన్నారు, ఒకప్పుడు ఇంధనంతో, ఒకప్పుడు ఉక్కుతో, ఇప్పుడు శ్రద్ధతో. బయల్దేరే ముందు నిచ్చెన ఎక్కి ఆ గది పైకప్పు ఊడ్చే పని ఎవరిదో ఇంట్లో అందరూ కూర్చుని తేల్చుకున్నాకే కొనండి. లేకపోతే అదీ మన పనే అవుతుంది.